ఏ ఆటో తెలియదు... అయినా టీవీ ముందు నుంచి లేవలేదు!

2022 ఆగస్టు 1. ఇంగ్లండ్‌లో రాయల్‌ లెమింగ్టన్‌ స్పా అనే చిన్న పట్నం. అక్కడి విక్టోరియా పార్కులో, నున్నగా కత్తిరించిన పచ్చగడ్డి మీద కామన్వెల్త్‌ క్రీడల లాన్‌ బౌల్స్‌ సెమీఫైనల్‌ ఆఖరికొచ్చింది. న్యూజిలాండ్‌ 13, భారత్‌ 12. మిగిలింది ఒక్క ఎండ్‌, అంటే ఒక్క విడత. అవతలివాళ్లు ఈ ఆటలో ఆరితేరినవాళ్లు. మనవాళ్లు ఆట మొదట్లోనే 0-5తో వెనకబడి, కిందా మీదా పడి ఇక్కడిదాకా లాక్కొచ్చారు.

నలుగురి మన మహిళల జట్టులో చివరగా వేయాల్సింది రూపారాణీ టిర్కీ. చాప మీద నిలబడి, మోకాళ్లు వంచి, చెయ్యి గడ్డిని తాకేంత కిందికి దించి బౌల్‌ను వదిలింది. అందులో విసురు లేదు, దుడుకు లేదు. నల్లటి బంతి తీరిగ్గా దొర్లుకుంటూ పక్కకు పోతున్నట్టే పోయి, సగం దారి దాటాక వంపు తిరిగి లోపలికి వచ్చింది. ఆ ఒక్క ఎండ్‌లోనే భారత్‌కు 4 పాయింట్లు. స్కోరు 16-13. నలుగురూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చేశారు.

ఇక్కడ మన ఇళ్లలో అప్పటికి ఇంకో గొడవ నడుస్తోంది. ‘ఇదేం ఆట? బంతి దగ్గరికెళ్తే గెలిచినట్టా, తగిలితే గెలిచినట్టా? అంత మెల్లగా వేస్తారేంటి?’ వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసినవాళ్లు కూర్చుండిపోయారు. ఛానల్‌ మార్చబోయిన చెయ్యి ఆగిపోయింది. మర్నాడు ఫైనల్‌ సమయానికి, అప్పటిదాకా లాన్‌ బౌల్స్‌ పేరు కూడా విననివాళ్లు ‘జాక్‌ అటు జరిగింది చూడు’ అని పక్కవాళ్లకు పాఠం చెప్పే స్థాయికి వచ్చేశారు.

ఆ నలుగురి పేర్లూ మళ్లీ తలచుకోవాల్సిన సమయం వచ్చింది. 2026 జులై 23న గ్లాస్గోలో మొదలయ్యే కామన్వెల్త్‌ క్రీడల నుంచి హాకీ, బ్యాడ్మింటన్‌, రెజ్లింగ్‌, టేబుల్‌ టెన్నిస్‌, క్రికెట్‌ తీసేశారు. ఖర్చు తగ్గించాలని 10 క్రీడలకే పరిమితం చేశారు. మన పతకాల గనులన్నీ మూతపడ్డాయని క్రీడాభిమానులు వాపోతున్నారు. 2022 క్రీడలు జరిగిన బర్మింగ్‌హామ్‌లో మనకు వచ్చిన 61 పతకాల్లో 12 ఒక్క రెజ్లింగ్‌వే కాబట్టి, ఆ బాధలో న్యాయముంది. కానీ కోతకు గురికాకుండా మిగిలిన జాబితాలో లాన్‌ బౌల్స్‌ ఉంది, జిమ్నాస్టిక్స్‌ ఉంది. మనకు ఏళ్ల తరబడి పరాయివైన ఈ రెండు ఆటల్నీ ఇంటికి తెచ్చి పరిచయం చేసినవాళ్లు ఎవరూ లెక్కలోకి తీసుకోని మనుషులే.

పక్కదారిలో వచ్చిన నలుగురు

నలుగురిలో ఒక్కరు కూడా చిన్నప్పటి నుంచి లాన్‌ బౌల్స్‌ ఆడాలని కలగన్నవాళ్లు కాదు. అలా కలగనడానికి ఆ ఆట కంటబడితేగా!

లవ్లీ చౌబే జార్ఖండ్‌లో వంద మీటర్ల పరుగు తీసేది. గాయంతో పరుగు ఆగిపోయింది. అప్పుడు మధుకాంత్‌ పాఠక్‌ అనే మాజీ క్రికెట్‌ అంపైర్‌ ఆమెను లాన్‌ బౌల్స్‌ వైపు తిప్పారు. బర్మింగ్‌హామ్‌ వెళ్లేనాటికి ఆమె జార్ఖండ్‌ పోలీసు శాఖలో కానిస్టేబుల్‌. నయన్‌మోని సైకియాది అస్సాంలోని గోలాఘాట్‌. వెయిట్‌లిఫ్టర్‌. కాలికి దెబ్బ తగలడంతో బరువులు పక్కన పెట్టి బౌల్‌ పట్టింది. ఆమె కొలువు అటవీ శాఖలో. రూపారాణీ టిర్కీ రాంచీ అమ్మాయి, కబడ్డీ ఆడేది. తర్వాత జిల్లా క్రీడాధికారి అయింది. ఢిల్లీకి చెందిన పింకీ క్రికెటర్‌, బడిలో పిల్లలకు ఆటలు నేర్పే టీచరు.

వయసులు చూస్తే ముప్పైల్లో ఇద్దరు, నలభై ఏళ్ల చుట్టుపక్కల ఇద్దరు. మిగతా ఆటల్లో ఈ వయసుకి ఘనంగా వీడ్కోలు చెప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి పంపేస్తారు. వీళ్లు ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవులు పోగేసుకుంటూ ఆడారు. లాన్‌ బౌల్స్‌ ఒలింపిక్స్‌లో లేదు. అంటే, ఒలింపిక్‌ పతకం మీద ఆశతో వచ్చే నిధులూ పథకాలూ స్పాన్సర్లూ ఈ గడప తొక్కరు. 2010, 2014, 2018... మూడు కామన్వెల్త్‌ క్రీడల్లోనూ భారత్‌కు ఈ ఆటలో ఒక్క పతకం కూడా రాలేదు. ‘వెళ్లొచ్చారు’ అన్న మాట తప్ప వీళ్ల గురించి పత్రికల్లో రాసింది లేదు. ఇలా రాస్తున్న మా వంటివాళ్లదీ అందులో వాటా ఉంది లెండి.

ఫైనల్‌ దక్షిణాఫ్రికాతో. మనవాళ్లు 8-2తో ముందంజ వేసి, తర్వాత పట్టు జారిపోయి 8-10తో వెనకబడ్డారు. చూసేవాళ్లకు గుండె జారింది. అక్కడి నుంచి ఆఖరిదాకా అవతలి జట్టుకు ఒక్క పాయింటూ దక్కలేదు. వరుసగా 9 పాయింట్లు మనవే. 17-10. ఆగస్టు 2న నలుగురి మెళ్లో బంగారు పతకాలు పడ్డాయి. నాలుగు రోజుల తర్వాత సునీల్‌ బహదూర్‌, నవనీత్‌ సింగ్‌, చందన్‌ కుమార్‌ సింగ్‌, దినేశ్‌ కుమార్‌ల పురుషుల జట్టు ఫైనల్లో ఉత్తర ఐర్లాండ్‌ చేతిలో 5-18తో ఓడి వెండి తెచ్చింది. ఆ రజతానికి మహిళల స్వర్ణానికి దక్కిన చప్పట్లలో పదో వంతు కూడా దక్కలేదు. కొత్తదనం ఒక్కసారే పని చేస్తుంది కాబోలు.

▣ ఇదీ ఆట

*గోలీలాటలో గీతకు ఎవరి గోలీ దగ్గరుంటే వాళ్లది పైచేయి. లాన్‌ బౌల్స్‌ ప్రాణం కూడా అంతే. ముందు ‘జాక్‌’ అనే చిన్న బంతిని దొర్లిస్తారు. తర్వాత రెండు జట్లూ ఒక్కో బౌల్‌ వేస్తూ జాక్‌కు వీలైనంత దగ్గరికి చేర్చాలి.*

*బౌల్‌ బరువు సుమారు కిలోన్నర. దాన్ని రెండు వైపులా ఒకేలా మలచరు. అందుకే తిన్నగా పోదు, వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకు ఒంపు తిరుగుతుంది. గురి జాక్‌ మీద పెడితే తప్పినట్టే.*

*నలుగురి జట్టులో ఒక్కొక్కరికి రెండు బౌల్స్‌. రెండు జట్లవీ కలిపి 16 వేయడం పూర్తయితే ఒక ‘ఎండ్‌’. ప్రత్యర్థి బౌల్స్‌లో అన్నిటికంటే దగ్గరున్నదాని కన్నా మనవి ఎన్ని జాక్‌కు దగ్గరగా ఉంటే అన్ని పాయింట్లు. బర్మింగ్‌హామ్‌లో మ్యాచ్‌కి 15 ఎండ్లు.*

*మొదట వేసేవాళ్లు లీడ్‌. ఆఖరున వేసేవాళ్లు స్కిప్‌. మిగతావాళ్లు వేస్తున్నప్పుడు స్కిప్‌ అవతలి కొసన నిలబడి ఎటు వేయాలో చేత్తో చూపిస్తుంది. బర్మింగ్‌హామ్‌లో మన లీడ్‌ లవ్లీ, స్కిప్‌ రూపారాణి.*

గడ్డి ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది పతకం కాదు, ఆ గడ్డి. నలుగురిలో ఇద్దరు రాంచీ నుంచి, ఒకరు అస్సాం నుంచి, ఒకరు ఢిల్లీ నుంచి. ముంబయి లేదు, బెంగళూరు లేదు. కారణం వెతుకుతూ పోతే దొరికేది జాతీయ క్రీడల పట్టిక. 2007లో 33వ జాతీయ క్రీడలు గువాహటిలో జరిగాయి. 2010లో కామన్వెల్త్‌ క్రీడలు ఢిల్లీలో. పదే పదే వాయిదాపడిన 34వ జాతీయ క్రీడలు 2011లో రాంచీలో. పెద్ద క్రీడలు వచ్చాయంటే మైదానాలు వస్తాయి. పట్టికలో లాన్‌ బౌల్స్‌ ఉంది కనక అక్కడ ‘గ్రీన్‌’ పరిచారు. పోటీలు ముగిసి అందరూ వెళ్లిపోయాక ఆ గ్రీన్‌ మిగిలింది. దెబ్బలు తగిలి తమ ఆటకు దూరమైన మనుషులు కొందరు దాని మీదికి వచ్చారు. పథకం ప్రకారం జరిగింది కాదిది.

రాంచీలో ఈ గ్రీన్‌ దగ్గరికి అప్పుడప్పుడూ ఒక అతిథి వచ్చేవాడు. పేరు మహేంద్ర సింగ్‌ ధోనీ. ఊళ్లో ఉన్నప్పుడు దేవ్‌డీ గుడికి వెళ్తూ వీళ్ల సాధన చూసేవాడని, ఆట గురించి మాట్లాడేవాడని బంగారం గెలిచాక లవ్లీ చౌబే విలేకరులకు చెప్పింది. క్రికెట్‌ మిగతా ఆటల్ని మింగేసిందని తిట్టుకునే దేశంలో, ఈ అనామక ఆటకు తొలి ప్రేక్షకుల్లో ఒకడు క్రికెట్‌ కెప్టెనే.

తర్వాత అర్జున అవార్డులు వచ్చాయి. 2022కి నయన్‌మోని, 2023కి పింకీ. అప్పటిదాకా ఎవరికీ పట్టని ఆట కాస్తా రాష్ట్రపతి భవన్‌ మెట్లెక్కింది.

స్కూటర్‌ విడిభాగాల మీద లేచిన వాల్ట్‌

లాన్‌ బౌల్స్‌కు ఆరేళ్ల ముందు ఇదే తంతు జిమ్నాస్టిక్స్‌లో జరిగింది. 2016 ఆగస్టు 14, ఆదివారం రాత్రి. రియో నుంచి వచ్చే ప్రసారం కోసం దేశం మేలుకుని ఉంది. కారణం త్రిపుర రాజధాని అగర్తలాకు చెందిన దీపా కర్మాకర్‌. 52 ఏళ్ల తర్వాత ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జిమ్నాస్ట్‌. మహిళల్లో అయితే మొట్టమొదటి వ్యక్తి.

ఆమెకు చదునైన పాదాలు. గాల్లోకి ఎగరడానికీ నేల మీద నిలదొక్కుకోవడానికీ పాదం కిందున్న వంపే స్ప్రింగులా పనిచేస్తుంది. అది లేనివాళ్లకు జిమ్నాస్టిక్స్‌ ఎందుకని చాలామంది అన్నారు. కోచ్‌ బిశ్వేశ్వర్‌ నంది మాత్రం వ్యాయామాలతో ఆ వంపు తెప్పించాలని ఏళ్లపాటు పట్టుబట్టారు. అగర్తలాలో సరైన పరికరాలు లేక పాత స్కూటర్ల విడిభాగాలతో వాల్ట్‌కు ఆసరా తయారు చేయించారు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్‌ క్రీడల్లో కాంస్యం గెలిచిన అమ్మాయి మొదట్లో ఎగిరింది దాని మీది నుంచే.

రియోలో ఆమె ఎంచుకున్నది ప్రొడునోవా. ముందుకు పల్టీ కొడుతూ చేతులతో వాల్ట్‌ను నెట్టి, గాల్లో రెండు పల్టీలు పూర్తిచేసి కాళ్ల మీద దిగాలి. కాస్త తేడా వస్తే నేలను తాకేది మెడ. చేయగలిగినవాళ్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. ఆ రాత్రి దీప దాదాపు కూర్చున్నంత కిందికి దిగి, లేచి నిలబడింది. రెండు వాల్ట్‌ల సగటు 15.066. నాలుగో స్థానం. కాంస్యం గెలిచిన స్విట్జర్లాండ్‌ అమ్మాయి గియులియా స్టైన్‌గ్రూబర్‌కు 15.216. తేడా 0.150.

పతకం రాలేదు. అయినా మర్నాడు బస్సుల్లో, టీ బడ్డీల దగ్గర వినిపించిన మాట ‘ప్రొడునోవా’. రష్యన్‌ జిమ్నాస్ట్‌ యెలెనా ప్రొడునోవా ఇంటిపేరు అలా మన నోళ్లలో నానింది.

తర్వాత జరిగిన ఒక ముచ్చటకు వేదిక మన హైదరాబాదే. ఆగస్టు 28న గోపీచంద్‌ అకాడమీలో సింధు, సాక్షి మలిక్‌, గోపీచంద్‌లతోపాటు దీపకూ బీఎండబ్ల్యూ కారు తాళం సచిన్‌ తెందూల్కర్‌ చేతుల మీదుగా అందింది. బహూకరించింది హైదరాబాద్‌ జిల్లా బ్యాడ్మింటన్‌ సంఘం అధ్యక్షుడు చాముండేశ్వరనాథ్‌. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. కానీ అగర్తలాలో ఆ కారుకు సర్వీస్‌ సెంటర్‌ లేదు, అంత ఖరీదైన బండి తిరగడానికి తగ్గ రోడ్లూ లేవు. చివరికి దాని బదులు డబ్బు తీసుకుని, తమ ఊళ్లో రిపేరు చేయించుకోగల వేరే కారు కొనుక్కుంది. ఎవరూ ఎరుగని చోటి నుంచి వచ్చిన మనిషికి మనం ఇచ్చే కానుకలు ఎంత ఆలోచించి ఇస్తామో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

దీప కథ అక్కడితో సుఖాంతమైపోలేదు. మోకాలికి శస్త్రచికిత్సలు. నిషిద్ధ పదార్థం దొరికి 21 నెలల నిషేధం. ఇవి రాయకుండా పేజీ ముగిస్తే అది ఆమె జీవితం కాదు, మనం కోరుకున్న సినిమా. నిషేధం ముగిసి వచ్చి 2024లో తాష్కెంట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్‌ వాల్ట్‌ స్వర్ణం గెలిచింది. భారత జిమ్నాస్ట్‌ ఎవరికీ అంతకుముందు సాధ్యం కాని ఘనత. ఆ ఏడాది అక్టోబరులో వీడ్కోలు చెప్పేసింది. ఈ స్వర్ణానికి టీవీ ముందు మేలుకున్నవాళ్లు ఎందరు?

కరాటే నుంచి మెల్‌బోర్న్‌దాకా

మన హైదరాబాద్‌ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి పేరు ఈ వరుసలోనే రావాలి. చిన్నప్పుడు కరాటే నేర్చుకుంటుంటే ఒంట్లోని సాగుగుణం గమనించి జిమ్నాస్టిక్స్‌లో చేర్చింది తండ్రే. ఆయన ఆమె విజయాల్ని చూడకుండానే 2010లో కన్నుమూశారు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌ ప్రపంచకప్‌లో వాల్ట్‌లో 13.649తో అరుణ కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్‌ ప్రపంచకప్‌లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. రజతానికీ ఆమెకూ మధ్య దూరం 0.05. ఆ పతకాన్ని తండ్రికే అంకితమిచ్చింది. రియో రాత్రి లేకపోయుంటే, మెల్‌బోర్న్‌ వార్త క్రీడల పేజీలో ఏ మూలనో నాలుగు లైన్లుగా పోయేది. ఈసారి ‘వాల్ట్‌ అంటే ఏంటి’ అని ఎవరికీ వివరించాల్సిన పని రాలేదు.

▣ మిగిలింది కత్తిసామే

*చెన్నైలో ఒక గుడి పూజారి కూతురు భవానీ దేవి. 2004లో బడిలో ఆటలకు పేర్లు రాయించుకునేసరికి మిగతావన్నీ నిండిపోయాయి, ఖాళీ ఉన్నది ఫెన్సింగ్‌లోనే. అసలు కత్తులు ఖరీదైనవి కావడంతో మొదట సాధన వెదురు కర్రలతో. పోటీలకు పంపడానికి తల్లి నగలు తాకట్టు పెట్టింది.*

*టోక్యోలో ఒలింపిక్స్‌ ఆడిన తొలి భారత ఫెన్సర్‌గా ట్యునీసియాకు చెందిన నదియా బెన్‌ అజీజీపై 15-3తో గెలిచింది. తర్వాతి బౌట్‌లో ఫ్రాన్స్‌ క్రీడాకారిణి మనోన్‌ బ్రూనే చేతిలో 7-15తో ఓడి, దేశానికి క్షమాపణ చెప్పుకుంది! ఒలింపిక్స్‌లో భారత ఫెన్సింగ్‌కు మొదటి గెలుపు సంపాదించిన మనిషి ఎందుకు క్షమాపణ చెప్పాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2023లో చైనాలోని వూషీలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ప్రపంచ ఛాంపియన్‌ మిసాకీ ఎమురాను ఓడించి కాంస్యం తెచ్చింది.*

▣ సినిమా వేరు, నిజం వేరు

*మంచు ఎరగని జమైకా నుంచి బాబ్‌స్లెడ్‌ జట్టు 1988 కాల్గరీ ఒలింపిక్స్‌కు వెళ్లింది. 1993లో వచ్చిన ‘కూల్‌ రన్నింగ్స్‌’ సినిమా ఆ కథతో ప్రపంచమంతటా ఆడింది. అందులో వాళ్లలో ఎక్కువమంది ఒలింపిక్స్‌ పరుగు పందేలకు ఎంపిక కాలేక వచ్చినవాళ్లు. నిజానికి జట్టులో ఎక్కువమంది సైనికులు. బండి నడిపిన డడ్లీ స్టోక్స్‌ సైన్యంలో హెలికాప్టర్‌ పైలట్‌. ఆయన తమ్ముడు క్రిస్‌ అన్న ఆట చూద్దామని వచ్చి, ఒకరికి గాయం కావడంతో నాలుగో మనిషిగా బండెక్కాడు. బండి బోల్తా కొట్టిన మాట నిజమే, భుజాన మోసుకుంటూ గమ్యం దాటారన్నది కల్పన. పక్కనే నడిచి వచ్చారు.*

*సినిమా చూపించని ముక్క ఇంకోటుంది: 1994లో లిలెహామర్‌లో ఇదే జమైకా 14వ స్థానంలో నిలిచింది, అమెరికా కన్నా ముందు.*

చప్పట్ల తర్వాత

ఇలాంటి కథలు రాసేటప్పుడు మాకో దురలవాటుంది. పెంకుటిల్లు, తాకట్టు నగలు, స్కూటర్‌ భాగాలు... వీటి దగ్గరే కలం ఆగిపోతుంది. కన్నీళ్లు పెట్టించడం తేలిక. కానీ లెమింగ్టన్‌ స్పాలో జనాన్ని కూర్చోబెట్టింది లవ్లీ చౌబే కష్టాలు కాదు. అప్పటికి ఆ కష్టాలు ఎవరికీ తెలియవు కూడా. ఆఖరి బౌల్‌ ఎటు తిరుగుతుందో అన్న ఉత్కంఠ కూర్చోబెట్టింది. మనిషి మీద మక్కువ వారం రోజులు ఉంటుంది. ఆట అర్థమైతేనే మళ్లీ చూస్తాం.

చూసినవాళ్లు ఆడాలనుకుంటే ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాతి ప్రశ్న. దీనికి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎప్పుడో జవాబు దొరికింది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ. ఆడపిల్లలు బరువులెత్తడమేమిటని నొసలు చిట్లించిన రోజులవి. వెయిట్‌లిఫ్టింగ్‌కు గ్రీన్‌ అక్కర్లేదు, వాల్ట్‌ అక్కర్లేదు. ఒక బార్‌, కొన్ని పళ్లేలు, పొద్దున్నే తలుపు తీసే గురువు చాలు. ఊసవానిపేటలో ఆ గురువు నీలంశెట్టి అప్పన్న. విజయనగరం జిల్లా కొండవెలగాడను ఇవాళ వెయిట్‌లిఫ్టర్ల ఊరంటారు. 2014 గ్లాస్గో క్రీడల్లో 53 కిలోల విభాగంలో మత్స సంతోషి మూడో స్థానంలో నిలిచింది. నైజీరియా లిఫ్టర్‌ డోపింగ్‌లో దొరికిపోవడంతో ఆ కాంస్యం రజతమైంది. సంతోషిది కొండవెలగాడే. వెయిట్‌లిఫ్టింగ్‌ ఇవాళ అక్కడ తెలియని ఆట కాదు, పిల్లలు బడికి వెళ్లే ముందు చేసే పని.

జిమ్నాస్టిక్స్‌, లాన్‌ బౌల్స్‌ అంత తేలిగ్గా ఊరూరా పాకవు. దీప తర్వాత టోక్యోకు వెళ్లింది పశ్చిమ బెంగాల్‌ బస్‌ డ్రైవర్‌ కూతురు ప్రణతి నాయక్‌ ఒక్కతే. లాన్‌ బౌల్స్‌కు కావలసిన నేల చదునుగా ఉండాలి, నిత్యం సంరక్షించాలి. పని లేనప్పుడు గేటుకు తాళం వేసి వదిలేస్తే నెలల్లో పాడైపోతుంది. గ్లాస్గోలో అయితే ఈసారి పచ్చిక కూడా లేదు. ఇండోర్‌ హాల్లో పరిచిన పట్టీల మీద పోటీలు పెడుతున్నారు. బంతి దొర్లే వేగమూ వంపూ మారతాయి. దానికి అలవాటుపడే చోటు కూడా ముందుగానే ఉండాలి.

ఆ తర్వాత వంతు మనదే. 2030 కామన్వెల్త్‌ క్రీడల ఆతిథ్యం అహ్మదాబాద్‌కు ఖాయమైంది. ఆ పట్టికలోనూ బౌల్స్‌ ఉంది, కాబట్టి అక్కడా కొత్త గ్రీన్‌ వస్తుంది. రాంచీలో, గువాహటిలో మిగిలిన గ్రీన్‌ల మీద ఏం జరిగిందో చూశాం కనక ఈసారి ముందే అడగొచ్చు: పోటీలు ముగిసిన మర్నాడు ఆ గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది? పక్క వీధి పిల్ల వెళ్లి అడిగితే తీస్తారా?